రాణి లేని దీపంబురుజు

"ఏ సంవత్సరంలో?"

పడవలో ఉన్న పద్నాలుగు మందీ ఒకేసారి వెనక్కి తిరిగారు.

శ్రవణ్ కుమార్ చెబుతున్న కథలో సరిగ్గా అప్పుడే గాలి లేచింది. బురుజు మీద దీపం రెపరెపలాడుతోంది. నది మధ్యలో సేనాపతి ఈదుతున్నాడు. పైన రాణి చంద్రావతి దీపానికి కొంగు అడ్డం పెట్టి నిలబడింది. ఇలాంటి చోట ఎవరైనా ఊపిరి బిగబడతారు. ఆరేళ్లుగా అందరూ బిగబట్టారు. నీలం రెయిన్‌కోటు వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్న ఈ అమ్మాయి మాత్రం పెన్ను మూత తీసి సంవత్సరం అడిగింది.

"ప్రేమకు సంవత్సరమేంది మేడం?" అన్నాడు శ్రవణ్, ఇంజన్ వేగం తగ్గించి.

"ప్రేమకు లేకున్నా రాణికి ఉంటది కదా. ఏ రాజ్యం? మొగుని పేరేంది?"

"మంచిగ నడుస్తున్న కథల మొగుణ్ని ఎందుకు తెస్తరు మేడం?"

పడవంతా గొల్లుమంది. సంవత్సరం అడిగిన అమూల్య చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆగాక శ్రవణ్ సేనాపతిని నీళ్లలో ముంచేశాడు, రాణిని బురుజు మీది నుంచి దూకించాడు, పడవను ఒడ్డుకు చేర్చాడు. కానీ ఆ రోజు రాణి దూకడంలో ఎప్పటి ఊపు లేదు. ఆ సంగతి అతనికీ తెలిసింది.

సోమశిల రేవు నుంచి ఆ బురుజుకు పడవలో నలభై నిమిషాలు. బండి దారి రాళ్ల గుట్ట దగ్గరే ఆగిపోతుంది. కృష్ణ నిండుగా ఉన్న నెలల్లో బురుజుకు మూడు పక్కలా నీళ్లే. కింద ఒకప్పుడు పాతరేవు అనే ఊరు ఉండేది. శ్రీశైలం డ్యాం నీళ్లొచ్చి అది మునిగిపోయింది. ఎత్తున ఉన్నందుకు బురుజొక్కటి మిగిలింది. నాలుగంతస్తుల ఎత్తు, రాయి, సున్నం, లోపల మెలికలు తిరిగే అరవై ఒక్క మెట్లు. పైకెక్కితే అవతల నల్లమల కొండలు, మధ్యలో ఆకాశమంత నీళ్లు. సముద్రం మొహం చూడని జిల్లాలో లైట్‌హౌస్ అని ఆదివారాలు హైదరాబాద్ నుంచి కూడా వచ్చి ఫోటోలు దిగిపోతారు.

అమూల్యది గద్వాల. మహబూబ్‌నగర్‌లో ఎం.ఏ. హిస్టరీ చదివి, టూరిజం పనిలో ఒక ఏడాది కాంట్రాక్టుకు చేరింది. చూడదగిన చోట్ల పెట్టే సమాచార బోర్డులకు తెలుగు రాయడం ఆమె పని. దీపంబురుజు బోర్డుకు ఇచ్చిన జాగా నూట యాభై మాటలు. ఆమె దగ్గర అప్పటికి ఉన్నవి సున్నా.

పై అంతస్తులో నదివైపు ఒక గూడు ఉంది. దాని లోపలంతా నల్లటి మసి. అమూల్య వేలితో రాసి చూసుకుంది.

"సేనాపతి కోసం పెట్టిన దీపం మసి," అన్నాడు శ్రవణ్ వెనక నుంచి.

"రాణిగారు గ్యాస్‌నూనె వాడుతుండెనా?"

శ్రవణ్ మెట్ల వైపు తిరిగాడు. ఆ గూట్లో పైనున్నది కిరసనాయిల్ మసేనని అతనికీ తెలుసు.

తిరుగు ప్రయాణంలో వాన దంచింది. పడవలో ఒకే ఒక్క టార్పాలిన్ ఉంది. అది పిల్లలున్న కుటుంబానికి ఇచ్చి, ఇంజన్ మీద కప్పే ప్లాస్టిక్ కవరు తీసి అమూల్యకు అందించాడు.

"మరి ఇంజన్ తడుస్తది కదా?"

"దానికి ప్రశ్నలు అడుగుడు రాదు మేడం. ఎట్ల తడిసినా ఊకుంటది."

ఆమె నవ్వకూడదని చాలా ప్రయత్నించింది.

* * *

తర్వాత మూడు శనివారాలు ఆమె వచ్చింది. వేరే పడవలు ఖాళీగా ఉన్నా శ్రవణ్ పడవే ఎక్కింది. అదెందుకని అడిగితే, "అబద్ధం ఎక్కడ పుట్టిందో అక్కడే నిజం దొరుకుతది" అంది. అతను దానికి కూడా సంతోషపడ్డాడు.

మెట్లు కొలిచింది. సున్నం ముక్క కాగితంలో కట్టుకుంది. రేవుకు తిరిగొచ్చాక టీ గ్లాసు చల్లారిపోయేదాకా రాసుకుంటూ కూర్చుంది. శ్రవణ్ ఆ గ్లాసు పారబోసి కొత్తది తెచ్చి పెట్టేవాడు. ఆమె చూడకుండానే తాగేది. మూడో శనివారం మాత్రం గ్లాసు వైపు, ఆ తర్వాత అతని వైపు చూసి, "ఇది రెండోదా?" అంది.

"మూడోది."

"చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏ సంవత్సరంల తెచ్చినవ్ అంటరు."

ఆ వారమే గద్వాలలో తన గదిలో కూర్చుని ఆమె ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టింది. బురుజు మీద నలభై మూడు వీడియోలున్నాయి. అన్నింట్లోనూ అదే రాణి, అదే సేనాపతి. ఒకదాన్ని చూసి ఇంకొకరు చెప్పినవే. తవ్వుకుంటూ పోతే అన్నిటికన్నా పాతది ఆరేళ్ల నాటిది దొరికింది. అందులో పల్చటి మీసాల కుర్రాడొకడు పడవ మీద నిలబడి, "గీ బురుజు మీద రాణి ఇందుమతి..." అంటున్నాడు. శ్రవణే.

ముందు పగలబడి నవ్వింది. తర్వాత మూడు వారాల కష్టం గుర్తొచ్చి మండిపోయింది. ఆ మంటలోనే ఆఫీసుకు డ్రాఫ్టు పంపేసింది. "ప్రచారంలో ఉన్న రాణి కథ స్థానికంగా పడవ నడిపే ఒక యువకుడు కల్పించినది. దానికి ఎలాంటి ఆధారమూ లేదు."

శనివారం పడవ దిగగానే ఫోను అతని ముఖం ముందు పెట్టింది.

"ఇందుమతి ఎవరు?"

శ్రవణ్ చూశాడు. తల గోక్కున్నాడు. "చంద్రావతికి అక్క."

"శ్రవణ్!"

"ఆగుండ్రి మేడం, చెప్త." బురుజు మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. నవ్వు పోయింది. "గా వీడియోకు ముందు, నా మొదటి ట్రిప్పు. పడవ కొత్తది. సిటీకెల్లి వచ్చినోళ్లు ఎక్కిన్రు. గదేంది అని అడిగిన్రు. పుట్టీలు నడిపేటోళ్లకు దారి తెల్వాలని దీపం పెట్టే బురుజు అని నిజమే చెప్పిన. అప్పట్ల ఈడ పడవలు లేవు కదా, వెదురు తట్టలెక్క గుండ్రంగ ఉండే పుట్టీలే నది దాటిస్తుండె. ఓహో అన్నరు. అని ఫోన్లు చూసుకున్నరు. దిగనే లేదు. మా తాత ఈ బురుజు కనవడితె చేతులు జోడిస్తడు మేడం. వీళ్లు తలకాయ గూడ ఎత్తలె. నాకు మండింది. మల్ల ట్రిప్పుకు రాణిని పుట్టించిన. అందరు దిగిన్రు, అందరు ఎక్కిన్రు. గంతే."

ఆఫీసుకు తను పంపిన వాక్యం గుర్తొచ్చి అమూల్య ఫోను లోపల పెట్టేసింది.

"తాత ఎందుకు చేతులు జోడిస్తడు?"

"అడిగితే గుడి గంట అంటడు. ముసలాయన, చెవులు సక్కగ వినిపియ్యవు. ఈడ గుడి ఎప్పుడు లేకుండె."

సోమవారం ఆఫీసుకెళ్లి ఆ వాక్యం మార్చేద్దామనుకుంది. ఆ సంగతి అతనికి చెప్పాలని కూడా అనుకుంది. కానీ తిరుగు ప్రయాణంలో ఎండ పడి సన్నటి జల్లు కురుస్తుంటే అతను ఏదో పాత పాట తప్పులతో పాడుతున్నాడు. ఆ కాస్త సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు. చెప్పలేదు.

* * *

సోమవారానికే ఆలస్యమైపోయింది. డ్రాఫ్టు పేజీని ఆఫీసులో ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. గురువారానికి అది సోమశిల రేవుకొచ్చింది. శుక్రవారం పడవ ఎక్కుతూ ఒకాయన, "ఏం బాబూ, ఈ రోజు రాణి పేరేంటి?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. శ్రవణ్ కూడా నవ్వాడు. ఆ ట్రిప్పులో ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

శనివారం అమూల్య రేవు మెట్లు దిగేసరికి అతను తాడు విప్పుతున్నాడు.

"ఫుల్ అయింది మేడం," అన్నాడు.

పడవలో ఇద్దరే ఉన్నారు.

"శ్రవణ్, నేను ఆ రోజు కోపంల..."

"మీరు రాసింది నిజమే కదా. నిజం రాసినోళ్లు పరేషాన్ కావద్దు." ఆమె వైపు చూడకుండా ఇంజన్ స్టార్ట్ చేశాడు. "గా రోజు మెట్ల మీద కూసోని నేను కడుపుల మాట చెప్పిన. అప్పటికే మీరు పంపిన్రు. జర గప్పుడన్న చెప్పొచ్చు కదా?"

పడవ వెళ్లిపోయింది. అది చుక్కంత అయ్యేదాకా ఆమె మెట్ల మీదే నిలబడింది.

రేవు మీద టీ బండి నడిపే అజీజ్ ఒక స్టూలు లాగి వేశాడు. ఇన్ని వారాలుగా శ్రవణ్ కొన్న టీలన్నీ అక్కడివే.

"కూసోండ్రి మేడం. వానికి కోపం వస్తది, పోతది. గానీ మీకు బురుజు సంగతి కావాల్నంటే ఊరంత ఎందుకు తిరుగుతున్నరు? మా మేనత్త పుట్టి పెరిగింది దాని కిందనే."

అమూల్య గ్లాసు కింద పెట్టేసింది. "నెల రోజులకెల్లి ఈడనే టీ తాగుతున్న కదా అజీజన్నా! ఒక్కనాడన్న చెప్పలె?"

"మీరు ఒక్కనాడన్న నన్ను అడిగిన్రా?"

నిజమే. ఆమె కాగితాలను అడిగింది, రాళ్లను అడిగింది, ఫోనును అడిగింది. టీ ఇచ్చిన మనిషిని అడగలేదు.

"మా తాత దీపం పెట్టేటోడు," అన్నాడు అజీజ్. "మేనత్త ఇప్పుడు కొల్లాపూర్‌ల ఉంటది. షాహెదా. గానీ ఆ సంగతి ఎత్తితే మాట్లాడదు. మీ అదృష్టం."

* * *

ఆ రోజే అమూల్య కొల్లాపూర్ వెళ్లింది. షాహెదమ్మకు డెబ్బై మూడేళ్లు. ఇంటి ముందు నీడలో మంచం వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. బురుజు పేరు వినగానే చేట పక్కకు జరిపింది.

"గదెందుకు నీకు బేటీ? పాతరేవు మునిగె. ఆ ముచ్చట గూడ మునిగె."

అమూల్య నోటుపుస్తకం తీయలేదు. చేట తన ఒళ్లోకి తీసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. "నేను ఒక తప్పు రాసిన షాహెదమ్మా," అంది. శ్రవణ్ సంగతి మొత్తం చెప్పింది, పడవ వెళ్లిపోవడంతో సహా.

ముసలామె విన్నది. చేటలోంచి తనూ ఒక రాయి ఏరి పారేసింది.

"తప్పు నాది గూడ ఉంది," అంది చివరికి.

అప్పుడామెకు ఎనిమిదేళ్లు. తండ్రి ఖాదర్ రోజూ పొద్దుగూకే వేళ బురుజెక్కి గూట్లో లాంతరు పెట్టేవాడు. అంతకుముందు వాళ్ల తాత ఆముదం దీపం పెట్టేవాడు. అవతలి ఒడ్డు సంతకు పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే పుట్టీలకు ఆ వెలుగే దారి. దానికి అటూ ఇటూ అంతా బండలు.

"గా రోజు మా అమ్మీకి నొప్పులు. మా అబ్బా బండి కట్టుకోని కొల్లాపూర్ దవాఖానకు తీస్కపోయిండు. పోతపోత నాకు చెప్పిండు, పొద్దుమీకితే లాంతరు పెట్టు బేటా, రోజు చూస్తవు కదా అని. ఎక్కిన. గాలి, వాన. అగ్గిపెట్టె తడిసింది. ఒక్కో పుల్ల గీకిన. డబ్బ ఒడిసింది. ఒక్కటి అంటుకోలె." ఆమె చేతులు ఇప్పుడు కూడా పుల్ల గీస్తున్నట్టు కదిలాయి. "నీళ్లల్లకెల్లి మనుషుల కేకలు ఇనవడుతున్నయి. ఏం చేయాలె? కింద నీళ్ల బిందె ఉండె, ఇత్తడిది. మోసుకోని పైకెక్కిన. రాయి తీస్కోని కొట్టిన. ఎంతసేపు కొట్టిన్నో తెల్వదు. చేతులు బొబ్బలెక్కినయి."

"పుట్టి?"

"ఒడ్డుకు వచ్చింది. తొమ్మిది మంది, అందరు బతికిన్రు. అల్లా కాపాడిండు. నేను కాపాడలె. నేను దీపం పెట్టలె. దీపం ఎందుకు పెట్టలె అని అబ్బాను అడిగిన్రు. పనికెల్లి తీసేసిన్రు. వారంల ఊరు ఇడిసి వచ్చినం."

"బిందె సంగతి చెప్పలేదా?"

"దీపం ఏదని అడిగిన్రు బేటీ. బిందె సంగతి ఎవరు అడిగిన్రు?"

అమూల్య చేతుల్లో చేట ఆగిపోయింది. ఆమెకు ఒక్కసారిగా శ్రవణ్ తాత గుర్తొచ్చాడు. గుడి లేని చోట గుడి గంట.

* * *

హన్మంతు తాతకు ఎనభై ఆరేళ్లు. సోమశిలలో ఇంటి అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. శ్రవణ్ ఇంకా నది మీదే ఉన్నాడు. ముసలాయనకు వినబడాలని అమూల్య దగ్గరికి జరిగి, గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. లాంతరు, వాన, తడిసిన అగ్గిపెట్టె.

"గా పుట్టి నాదే," అన్నాడు తాత. "నేనే నడిపిన. ఇరవై ఒక్క ఏండ్లుండె నాకు. దీపం లేదు, కండ్లల్ల వాన. ఏ దిక్కు బండలున్నయో తెల్వలె. గప్పుడు గంట మోగింది బిడ్డా. గా సప్పుడు దిక్కు తెడ్డేసిన. ఎవ్వరు నమ్మలె. ఆడ గుడి ఏడుంది, నీ చెవుల నీళ్లు పోయినయి అని నవ్విన్రు. దేవుడే కొట్టిండనుకున్న."

"గంట కాదు తాతా. ఇత్తడి బిందె. దీపం పెట్టే ఖాదర్ బిడ్డ కొట్టింది, ఎనిమిదేండ్ల పిల్ల."

తాత చేతిలోని దారపు కండె జారి దొర్లుకుంటూ పోయింది. ఆయన దాన్ని చూడనైనా లేదు.

"ఉన్నదా?"

"ఉంది. కొల్లాపూర్‌ల."

శ్రవణ్ ఇంటికొచ్చేసరికి తాత భుజాలు కదిలిపోతూ ఏడుస్తున్నాడు. పక్కన అమూల్య.

"ఏం చేసిన్రు మేడం? మా తాతను గూడ రిపోర్టుల రాస్తరా?"

"నోరు మూసుకోరా!" అన్నాడు తాత. ఆ గొంతు శ్రవణ్ చిన్నప్పటి నుంచి విన్నది కాదు. "పొద్దుగాల బండి మాట్లాడు. కొల్లాపూర్ పోవాలె. నాకు పానం పోసిన పిల్ల ఆడుంది."

విషయం తెలిశాక శ్రవణ్ దొర్లిపోయిన కండె వెతికి తెచ్చి తాత పక్కన పెట్టాడు. అమూల్య చెప్పులేసుకుంటుంటే వాకిట్లోకి వచ్చాడు.

"నన్ను క్షమించు," అంది ఆమె. మొదటిసారి నువ్వు అంది. "గా మాట నీకు గా రోజే చెప్పాలె. నీతో ఆ రోజు మంచిగ గడిచింది, చెడగొట్టుకోబుద్ధి కాలె. స్వార్థం నాది."

"మంచిగ గడిచిందా?"

"గదొక్కటే ఇనవడ్డదా నీకు?"

"మిగిలింది గూడ ఇనవడ్డది," అన్నాడు శ్రవణ్. "ఇదొక్కటి జర ఎక్కువ ఇనవడ్డది."

* * *

షాహెదమ్మ ముందు రానంది. తాత ఆమె వాకిట్లో నిలబడి, "చెల్లె, గా రోజు నువ్వు కొట్టకుంటే నేను లేను, నా కొడుకు లేడు, వీడు లేడు," అని మనవణ్ని ముందుకు తోశాడు. ఆమె శ్రవణ్‌ను కింది నుంచి పైదాకా చూసింది. "గింత పొడుగు పెరిగిండా?" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. తర్వాత పెట్టె మీద తువ్వాలు తీసి కప్పుకుని, పదండి అంది.

ఆదివారం సాయంత్రం వాళ్లంతా బురుజుకు వెళ్లారు. అరవై ఒక్క మెట్లు ఎక్కడానికి షాహెదమ్మకు ముప్పావు గంట పట్టింది. ఎత్తుకుంటానని శ్రవణ్ అంటే, "గప్పుడు బిందె ఎత్తుకోని ఎక్కిన, ఇప్పుడు ఒట్టి చేతులతోని ఎక్కలేనా?" అంది. అమూల్య ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కింది. అజీజ్ తన ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి బిందెతో వెనకే వచ్చాడు.

తాత ఎక్కనన్నాడు. "నన్ను నీళ్ల మీదికి తీస్కపోరా. ఆడికెల్లి వింట. గదేనో కాదో నేను చెప్త."

శ్రవణ్ పడవను నది మధ్యకు నడిపి ఇంజన్ ఆపేశాడు. ఆ రోజు వచ్చిన టూరిస్టులు కూడా పడవలోనే ఉన్నారు. ఏం జరుగుతోందో వాళ్లకు అతనే చెప్పాడు. రాణి ఊసెత్తలేదు. ఎనిమిదేళ్ల పిల్ల అన్నాడు, తడిసిన అగ్గిపెట్టె అన్నాడు, తొమ్మిది మంది అన్నాడు. ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు.

పైనుంచి చప్పుడు మొదలైంది. ముందు మెల్లగా, ఆగి ఆగి. తర్వాత గట్టిగా. నీళ్ల మీదుగా అది గుండ్రంగా, బరువుగా వచ్చింది. తాత కళ్లు మూసుకున్నాడు. కుడి చెయ్యి తెడ్డు పట్టుకున్నట్టు బిగిసింది. మెల్లగా ముఖం చప్పుడు వైపు తిప్పి, రెండు చేతులూ జోడించాడు.

"గదే," అన్నాడు. "గదేరా."

శ్రవణ్ ఫోన్ చేశాడు. పైన అమూల్య ఎత్తింది.

"తాత గదే అంటుండు," అన్నాడు.

అమూల్య ఆ మాట షాహెదమ్మ చెవిలో చెబుతున్నట్టుంది. చప్పుడు ఆగింది. తర్వాత ఫోనులో ఇద్దరాడవాళ్ల ఏడుపు వినిపించింది, ఏడుస్తూనే నవ్వు కూడా.

బోర్డులోని నూట యాభై మాటలను అమూల్య ఒక్క రాత్రిలో రాసింది. ఖాదర్ పేరు, షాహెదా పేరు, పుట్టి నడిపిన హన్మంతు పేరు అందులో ఉన్నాయి. బురుజు ఎవరు కట్టారో తెలియదని కూడా రాసింది. పాత వాక్యం కొట్టేసింది. కొత్త కాగితం చదివి పై అధికారి, "ఇది బాగుంది" అని మాత్రం అన్నాడు.

జనం తగ్గుతారని శ్రవణ్ భయపడ్డాడు. తగ్గలేదు. రాణి కథ విన్నవాళ్లు పైకెక్కి సెల్ఫీలు దిగేవాళ్లు. ఇప్పుడు వచ్చేవాళ్లు ముందు గూటిలోకి తొంగిచూస్తున్నారు. పిల్లలు మసి ముట్టుకుంటున్నారు. కొంతమంది మెట్లు దిగి కొల్లాపూర్ దారి అడిగి, షాహెదమ్మను చూసి పోతున్నారు. ఆమె ఇప్పుడు ఎవరడిగినా చెబుతోంది.

* * *

దసరా దాటాక ఒక మధ్యాహ్నం. వెళ్లిపోయే వానలు కదా, జల్లు చెప్పకుండా వచ్చి పడింది. టూరిస్టులంతా పైన ఉన్నారు. శ్రవణ్, అమూల్య బురుజు గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరికి సరిపోయే జాగా కాదు అది. ఇద్దరూ జరగలేదు.

"ఇందాక పన్నెండు మంది అన్నవ్," అంది ఆమె. "తొమ్మిది."

"అందుకే మోచేతితోని పొడిసినవా? ఇంగ నొప్పి ఉంది."

"మళ్ల పెంచితే మళ్ల పొడుస్త."

"నీ కాంట్రాక్టు ఎప్పటిదాంక?"

"మార్చి."

"తర్వాత ఎవరు పొడుస్తరు?"

అమూల్య వాన వైపు చూసింది. వాన కూడా ఏమీ సాయం చేయలేదు.

"నాకు సక్కగ చెప్పుడు రాదు," అన్నాడు శ్రవణ్. "ఇన్నేండ్లు రాణిది సేనాపతిది మస్తు చెప్పిన. చంద్రుడన్న, ప్రాణమన్న. నీకు చెప్దామంటే ఒక్క మాట వస్తలేదు. నువ్వు శనివారం వస్తవ్ కదా, నాకు గురువారంకెల్లే పని తోచదు. గిది అబద్ధం కాదు."

"ఆధారం?"

"అజీజన్నను అడుగు. గురువారంకెల్లి ఎన్ని టీలు తాగుతనో ఆయనకు తెల్సు."

ఆమె నవ్వింది. అతని తడిసిన జబ్బ మీద, తను పొడిచిన చోటే, అరచెయ్యి ఆనించింది. తీయలేదు.

"నాకు బుధవారంకెల్లే," అంది.

* * *

గద్వాలలో అమూల్య వాళ్ల ఇంట్లో ముందు గది నిండా మగ్గమే. పెళ్లి మాట అడగడానికి వచ్చిన శ్రవణ్, హన్మంతు తాత గోడవారగా చాప మీద కూర్చున్నారు. అమూల్య నాయన శంకరయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే మాట్లాడుతున్నాడు. చెంగుకు జరీ పోగు పడుతోంది, మధ్యలో లేవడానికి లేదు. ఆయన లేవదలచుకోలేదని కూడా అందరికీ అర్థమైంది.

"పిలగాడు మంచోడే అంటున్నరు," అన్నాడు శంకరయ్య. "గానీ నీళ్ల మీద బతుకు. మేం పోగు పట్టుకోని బతికేటోళ్లం, నేల ఇడిసి ఎరుగం. బిడ్డను ఎట్ల పంపాలె?"

శ్రవణ్ జవాబు చెప్పేలోపే లోపలి గుమ్మం నుంచి అమూల్య నాయనమ్మ జములమ్మ అందుకుంది.

"అసలు గా పిల్ల పడవెట్ల ఎక్కిందిరా? చిన్నప్పుడు జూరాల డ్యాం చూడవోతే, నీళ్లు చూసి బస్సు దిగకపాయె. సీటు పట్టుకోని ఏడ్సింది. గిప్పటికి బాయి దిక్కు తొంగిచూడదు."

శ్రవణ్ చప్పున తలెత్తి అమూల్య వైపు చూశాడు. జూన్ నుంచి ఇప్పటిదాకా ఆమె పదిహేడు సార్లు పడవెక్కింది. ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

"నిజమా?" అన్నాడు.

"మొదటి రోజు ఎక్కేటప్పుడు గుండె ఆగినంత పనైంది," అంది అమూల్య. అతనితో మొదలుపెట్టి, నాయన వైపు తిరిగింది. "నాయనా, నీళ్లంటే నాకు భయం పోలేదు. ఇప్పటికీ ఒక్కదాన్నే ఒడ్డున నిలవడితె కాళ్లు వణుకుతయి. ఈయన పడవల కూసున్నప్పుడు మాత్రం గా భయం యాదికి రాలె. ఎందుకు రాలేదో నాకు చాన రోజులు సమజ్ కాలె."

మగ్గం ఆగింది.

శంకరయ్య పోగు నడిపే నాడెను జాగ్రత్తగా పక్కన పెట్టి, రెండు చేతులూ గట్టుకు ఆనించి గుంటలోంచి పైకి లేచాడు. జరీ పోగు మధ్యలోనే ఉండిపోయింది. వచ్చి హన్మంతు తాత ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"ఇంకేం అడుగుత పెద్దాయనా," అన్నాడు. "కార్తీకంల మంచి రోజు మీరు చూస్తరా, నేను చూడాల్నా?"